ఎరువుల బస్తా వెనుక ఒక సంఘం

ఆత్మకూర్ (ఎస్) రైతు నాట్లు పూర్తిచేసి యూరియా కోసం లైన్లో నిలబడతాడు. ఆ యూరియా సబ్సిడీకి ఎంత డబ్బు కేటాయించారో, అది చాలుతుందో లేదో ఢిల్లీలో అడిగేవాళ్లున్నారు. పార్లమెంటులోని రసాయనాలు, ఎరువుల స్థాయీ సంఘం పని అదే.

ఇలాంటి శాఖల స్థాయీ సంఘాలు 1993లో 17 ఏర్పడ్డాయి, 2004 నుంచి 24 ఉన్నాయి. ఒక్కోదానిలో 31 మంది: లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. మంత్రులకు చోటు లేదు. బడ్జెట్ పెట్టాక సభలకు కొన్నాళ్లు విరామం ఇస్తారు. అప్పుడే సంఘాలు శాఖ కార్యదర్శిని ఎదురుగా కూర్చోబెట్టి, పోయినేడు ఇచ్చిన సొమ్ము ఎందుకు మిగిలిందని పద్దు పద్దుకూ అడుగుతాయి. తలుపులు మూసి ఉంటాయి, కెమెరాలుండవు. అందుకే అక్కడ పార్టీల అరుపులు తగ్గి అసలు ప్రశ్నలు వస్తాయని నా నమ్మకం. నివేదిక మాత్రం సభ ముందుకొచ్చాక అందరిదీ.

సిఫార్సులను ప్రభుత్వం పాటించి తీరాలని లేదు. అయితే ఏం చేసిందో మూడు నెలల్లో జవాబివ్వాలి.

ఈ పనిలో తెలుగువాడి ముద్ర ఉంది. ప్రభుత్వ ఖర్చుల అంచనాలను పరిశీలించడానికి పార్లమెంటులో 1950లో ఏర్పడిన అంచనాల సంఘానికి మొదటి అధ్యక్షుడు తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్.

ఆత్మకూర్ (ఎస్) ఉన్న మన సూర్యాపేట శాసనసభ నియోజకవర్గం నల్లగొండ లోక్‌సభ స్థానంలో ఉంది. మన ఎంపీ ఏ సంఘంలో ఉన్నారో లోక్‌సభ వెబ్‌సైట్లో చూడవచ్చు. ఈసారి ఊరికొచ్చినప్పుడు ఆ సంఘంలో ఏం అడిగారో నేరుగా అడగండి.