నిర్మాణమునకు ముందు విచారణ

నూయి త్రవ్వదలచిన రైతు ముందుగా ఆ నేలలో నీరు పడునో లేదో విచారించును. స్టార్టప్ అని నేడు పిలువబడుచున్న నూతన వ్యాపారములను ఆరంభించు యువకులలో పెక్కుమంది ఈపాటి విచారణయైనను లేక, కొనువాడెవడో తెలియకమునుపే వస్తువును తయారుచేయ మొదలిడుచున్నారు. ఆ పెట్టుబడి పలు ఇండ్లలో తండ్రి అమ్మిన పొలము వెల, తల్లి తాకట్టు పెట్టిన బంగారము. కావుననే ఈ విషయమును గూర్చి శ్రోతలకు కొంత మనవి చేయదలచితిమి.

నిజామాబాదు జిల్లాకు చెందిన సామ ఫణీంద్ర బెంగుళూరులో ఇంజనీరుగా నుండెను. 2005వ సంవత్సరమున దీపావళికి ఇంటికి వచ్చుటకు ఆయనకు బస్సు టిక్కెట్టు దొరకలేదు. ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీగా నున్నవో ఒక్కచోట తెలిసికొను సాధనము లేకుండెను. ఆయనయు, మిత్రులును ఈ లోపమును తీర్చు కంప్యూటరు ప్రోగ్రామును వ్రాసి బస్సు యజమానుల యొద్దకు కొనిపోయిరి. యజమానులు ఆసక్తి చూపలేదు. టిక్కెట్టు దొరకక బాధపడుచున్నవాడు ప్రయాణికుడు. యజమానికి కావలసినది సీట్లు నిండుట. అందుచే వారు యజమానుల సీట్లను తామే ప్రయాణికులకు అమ్మిపెట్టు మార్గమును పట్టిరి. 2006లో ఆరంభమైన ఆ రెడ్‌బస్ సంస్థను 2013లో ఇబిబో సంస్థ కొనెను. అవసరము నిజమైనదే, కాని అది ఎవరి అవసరమో, ధనమిచ్చువాడెవడో తేల్చుకొనుట వేఱొక పని.

ఈ పనికి గొప్ప వ్యయము అక్కఱలేదు. అమెరికాలో జెఫ్ హాకిన్స్ జేబులో పట్టు చిన్న కంప్యూటరును తలపెట్టినప్పుడు, ముందుగా అదే పరిమాణముగల చెక్కముక్కను చేసికొని కొన్ని నెలలు జేబులో నుంచుకొని తిరిగెను. పని పడినపుడెల్ల దానిని తీసి, పుల్లతో వ్రాయుచున్నట్లు నటించి, తనకు నిజముగా ఏమి కావలెనో కనిపెట్టెను. 1996లో వెలువడిన పామ్ పైలట్ ఆ చెక్కముక్కకు ఫలము.

దీనికి భిన్నముగా, ఇంటింటికి సరకులు చేర్చుటకై 1999లో సేవలారంభించిన వెబ్‌వాన్ సంస్థ, తొలి నగరములో గిరాకి నిలుచునో లేదో తేలకమునుపే, పెక్కు నగరములలో గిడ్డంగులకై సుమారు 100 కోట్ల డాలర్ల ఒడంబడిక చేసికొనెను. 2001లో మూతపడెను. తలంపు చెడ్డది కాదు. నేడు మన నగరములందే ఆ వ్యాపారము సాగుచున్నది. విచారణకు ముందే నిర్మాణము జరిగినది.

కావున యువకులు ముందుగా ఒక కాగితముపై మూడు ప్రశ్నలు వ్రాసికొనవలెను. కొనువాడెవడు? ఆ అవసరమును ఇప్పుడతడు ఎట్లు తీర్చుకొనుచున్నాడు? మన వస్తువునకై నేడే కొంత బయానా ఇచ్చునా? బంధుమిత్రులు బాగున్నదనుట సమాధానము కాదు. అపరిచితుడు ఇచ్చిన 100 రూపాయలు అంతకంటె నమ్మదగిన సాక్ష్యము.

పిదప లెక్క. ఒక్కొక్క వస్తువుపై 20 రూపాయలు మిగులుననియు, అద్దె, జీతములు నెలకు 40,000 రూపాయలనియు అనుకొందము. నెలకు 2,000 వస్తువులు అమ్ముడుపోయినగాని నష్టము తప్పదు. ఆ కొనువారు ఎక్కడ నున్నారో చెప్పలేనివాడు ఇంకను దుకాణము తెరువరాదు.

తుదకు, ఎంత ధనము, ఎన్ని నెలలు గడచిన పిదప ప్రయత్నమును విరమింపవలెనో కూడ ముందే వ్రాసి, ఇంటిలోని పెద్దలకు చూపవలెను. పొలము అమ్మకమునకు పెట్టుటకు ముందు చేయవలసిన పని యిది.