స్వజనాభిమానము - రాజ్యాధికారము

2011 సెప్టెంబరు 13న సకల జనుల సమ్మె ఆరంభమైనది. శ్రీరాంపూర్‌లోను, తక్కిన సింగరేణి గనులలోను కార్మికులు పని మానివేసినారు. బొగ్గు నిలిచినది, విద్యుత్తు కొరవడినది. ఇచట స్వజనాభిమానము గనిలోనుండి పైకి వచ్చి అధికారమును నిలదీసినది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడినది.

రష్యాలో నూటయెనుబది యేండ్లకు పూర్వము దీనికి విపర్యయము జరిగినది. 1833లో జారు చక్రవర్తి విద్యామంత్రి ఉవారొవ్ సనాతన క్రైస్తవము, నిరంకుశత్వము, జాతీయత అను మూడింటిని రాజ్యమునకు మూలస్తంభములుగా ప్రకటించినాడు. అభిమానము సింహాసనమునుండి దిగివచ్చి, సింహాసనమునకే ఊతకర్ర అయినది.

శ్రోతలారా, క్రిందినుండి పుట్టిన అభిమానమైనను గద్దె చేరిన పిమ్మట ఆ దారి పట్టవచ్చును. పాలకుని ప్రశ్నించినవాడు ద్రోహి యన్ననాడే పట్టినట్లు. స్వరాష్ట్రములోను గనికార్మికుడు ‘నా జీతమేది, నా ప్రాణమునకు రక్షణ యేది?’ అని నిర్భయముగా అడుగగలిగిననాడే ఆ సమ్మె ఫలించినట్లు.