మంచం పక్కన ఏం కొలవాలి?

ఎవరి పేరిట ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ నర్సమ్మ కొల్లాపూర్ చుట్టుపక్కల పల్లెల్లో మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు తిరిగిన మనిషి. ఆమె వెళ్లొచ్చాక ఆ ఇంట్లో ఏం మారిందో ఎట్లా తెలుసుకోవాలి? ఈ రోజు నేను మాట్లాడేది దీని గురించే.

కాలూ చెయ్యీ పడిపోయిన మనిషికి దవాఖాన పని కొద్ది రోజుల్లో ముగుస్తుంది. తర్వాతి ఏళ్లన్నీ ఇంటివే. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. పొలమారకుండా కూర్చోబెట్టి తినిపించాలి. మూత్రం పైపు శుభ్రంగా ఉంచాలి. పాలమూరు వలసల నేల ఇది. కొడుకులు పనికోసం ఊరు దాటితే ఈ చాకిరీ అంతా భార్య మీదో కోడలి మీదో పడుతుంది.

నాడీ జబ్బుల్లో ఎక్కువగా వాడే కొలత బార్తెల్ సూచిక. 1965లో అచ్చయింది. పది పనులు, నూరు మార్కులు. మెట్లెక్కితే పది మార్కులొస్తాయి. మన పల్లెల్లో చాలా ఇళ్లకు మెట్లే ఉండవు. మరుగుదొడ్డి వాకిలి అవతలి మూలన ఉంటుంది, మధ్యలో ఎత్తు కడప. ఆ కడపకు విడిగా మార్కు లేదు. పైగా పార్కిన్సన్స్ లాంటి జబ్బులో నర్సు ఎంత బాగా చూసినా ఏటేటా మార్కులు తగ్గుతాయి. పుండు పడకుండా కాచిన పని ఆ కాగితం మీద ఎక్కడా కనబడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 26 ప్రశ్నల పత్రం నాకు ఇంతకన్నా నచ్చుతుంది. అది ఒంటితో పాటు మనసును, మనుషులతో సంబంధాలను, చుట్టూ ఉన్న పరిస్థితులను కూడా అడుగుతుంది. అయితే అడిగే తీరులోనే అంతా ఉంది. కోడలు తలుపు దగ్గర నిలబడి ఉండగా అడిగితే పెద్దాయన చెప్పేది ఒకటే మాట: “మంచిగనే సూస్కుంటున్నరు బిడ్డా.” అది అబద్ధమని నేననను. కానీ “పొద్దుగూకినంక నీళ్లు తాగుతున్నవా?” అని అడిగి చూడండి. రాత్రి మూత్రానికి ఎవరినీ లేపాల్సి రావొద్దని సాయంత్రం నుంచే గొంతు తడుపుకోవడం మానేసినవాళ్లు ఎందరో. ఈ రెండు పత్రాల్లోనూ లేని ఈ ప్రశ్న చాలా చెబుతుంది.

చూసేవాళ్ల అంచనా మీద ఆధారపడటమూ కుదరదు. ఒళ్లంతా చచ్చుబడి కళ్లతో మాత్రమే మాట్లాడే రోగులను అడిగిన ఒక పరిశోధన 2011లో వచ్చింది. జవాబిచ్చిన 65 మందిలో 47 మంది సంతోషంగానే ఉన్నామన్నారు. మనిషి తన స్థితికి అలవాటు పడతాడు. కాబట్టి ఆరు నెలలకు మార్కులు పెరిగితే అది నర్సు చలువో, అలవాటు చలువో పోల్చి చూడకుండా తేల్చలేం.

అలా పోల్చి చూసిన పెద్ద ప్రయత్నం మన దేశంలోనే జరిగింది. దాని పేరు అటెండ్. 14 ఆస్పత్రుల్లో 1250 మంది పక్షవాత రోగులు. ఒక వర్గం కుటుంబాలకు వ్యాయామాలు, సేవ చేసే పద్ధతి ఆస్పత్రిలోనే నేర్పి, ఇంట్లో రెండు నెలల దాకా కొనసాగించమన్నారు. 2017లో లాన్సెట్‌లో ఫలితం వచ్చింది: ఆరు నెలలకు రెండు వర్గాల్లోనూ 47 శాతం మంది చనిపోయారు, లేదా ఇతరుల మీద ఆధారపడి ఉన్నారు. తేడా లేదు. సేవను నమ్మిన మనం ఈ ఫలితాన్ని దాచకూడదు. అయితే అక్కడ పని భారం మోసిన చేతులు కుటుంబానివే. అలసిన కోడలికి ఇంకో పని నేర్పడం, ఆమె పక్కన ఇంకో మనిషిని నిలబెట్టడం ఒకటి కావు. ఆ రెండోదాన్ని కొలవాలి.

అందుకే కోడలి నిద్ర కూడా లెక్కలోకి రావాలంటాను. సేవ చేసేవారి భారాన్ని అడిగే జారిట్ పత్రంలో 22 ప్రశ్నలున్నాయి. రోగి పత్రంతో పాటే, వేరే గదిలో, దాన్నీ నింపాలి.

మన రాష్ట్రంలో ‘ఆలన’ వాహనాల్లో నర్సులు ఇళ్లకు వెళ్లే ఏర్పాటు ఉంది. ఆ పని ఇక్కడి నాడీ రోగులకు విస్తరించేటప్పుడు అన్ని ఊళ్లకూ ఒక్కసారే చేరలేరు. ముందు చేరే ఊళ్లను, తర్వాత చేరే ఊళ్లను చీటీ వేసి తేల్చండి. మొదటి రోజు నుంచే రెండుచోట్లా రాసి పెట్టండి: పుండ్లు, జ్వరాలు, సాయంత్రం తాగిన నీళ్లు, సేవ చేసే మనిషి రాత్రి ఎన్నిసార్లు లేచిందో, దవాఖానకు పోనూ రానూ ఆటోకు పెట్టిన డబ్బులు. ఒక నోటు పుస్తకం, చదువొచ్చిన ఒక ఆశా కార్యకర్త ఉంటే ఈ పని మొదలుపెట్టవచ్చు.