రాతి పొరల వరస: సూరత్ నుంచి రాజమండ్రి దాకా

ఈ స్మారకోపన్యాసానికి ఎంచుకున్న ప్రశ్న చిన్నది: రెండు రాతి పొరల్లో ఏది ముందు, ఏది తరువాత? 'ఇది ఆరున్నర కోట్ల ఏళ్ల నాటి రాయి' అంటే శాస్త్రం మాట్లాడినట్టు ఉంటుంది. 'ఇది దానికన్నా పాతది' అంటే ఏదో ఉజ్జాయింపుగా చెప్పినట్టు ఉంటుంది. నా వాదన దీనికి ఎదురు. వరసే గట్టి సాక్ష్యం. ఏళ్ల లెక్క ఆ వరసకు లోబడి నిలవాలి.

అడుగున ఉన్న పొర ముందు ఏర్పడిందని నికొలస్ స్టెనో 1669లోనే సూత్రీకరించాడు. అయితే లోతే వయసా అని ఎవరైనా అడగవచ్చు. కాదు. సూరత్‌లో మనమున్న ఈ డిండోలి కింద తాపీ నది తెచ్చిన ఒండ్రు ఉంది, దాని కింద సముద్రం, నదులు పరచిన పాత అవక్షేపాలు, ఇంకా లోతున లావా గడ్డకట్టిన దక్కన్ ట్రాప్ నల్లరాయి, అంటే బసాల్టు. ఆ నల్లరాయే తూర్పున సోన్‌గఢ్, డాంగ్ కొండల్లో ఆకాశం కింద నిలబడి ఉంది. నేల కుంగినచోట అడుగుకు పోయింది, కుంగని చోట పైన మిగిలింది. చూడవలసింది లోతును కాదు, వరసలో దాని స్థానాన్ని. ఆ స్థానాన్ని తేల్చే సాక్ష్యం ఈ జిల్లాలోని ఒక తాలూకా పేరుతోనే ఉంది. ఇక్కడి ఓల్పాడ్ తాలూకా పేరు పెట్టిన భూగర్భ శిలాశ్రేణిలో ట్రాప్ రాయి అరిగి విరిగిన ముక్కలున్నాయి. ముక్క ఉండాలంటే ముందు బండ ఉండాలి. కనుక ఓల్పాడ్ శ్రేణి ట్రాప్ తరువాతది. అలాగే తాపీ లోయలో నందుర్బార్, ధూలే వైపు లావా పొరలను నిలువునా చీల్చుకుంటూ డైకులనే నల్లరాతి గోడలు సాగుతాయి. చీల్చిన రాయి చీలిన రాయికన్నా వయసులో చిన్నది. ఈ నిర్ణయాలకు ఏ యంత్రమూ అక్కర్లేదు.

పొరలు తలకిందులైతేనో? ఇది బలమైన అభ్యంతరమే. హిమాలయాల్లో అలా తిరగబడ్డ పొరలు నిజంగానే ఉన్నాయి. కానీ బట్టకు ముందు వైపు, వెనక వైపు తెలిసినట్టే పొరకూ తెలుస్తాయి. లావా చల్లారేటప్పుడు వాయువులు పైకి లేస్తాయి. అందుకే ప్రవాహం పైభాగంలో బుడగల గూళ్లు ఎక్కువగా ఉంటాయి. తరవాతి కాలంలో వాటిలో తెల్లటి జియోలైటు, కాల్సైటు నిండుతాయి. ఒక ప్రవాహానికీ మరో ప్రవాహానికీ మధ్య చాలాచోట్ల ఎర్రమట్టి పట్టీ కనిపిస్తుంది. పై లావా వచ్చేలోగా కింది రాయి ఎండకూ వానకూ శిథిలమై మట్టిగా మారేంత వ్యవధి గడిచిందని దానర్థం. ఇంకో చిక్కుంది: శిలాద్రవం పాత పొరల నడుమకు దూరి గడ్డకడితే, పైనున్నది పాతది, నడుమనున్నది కొత్తది అవుతుంది. అలా దూరినది పైనా కిందా రెండు వైపులా కాలుస్తుంది. నేలమీద పారినది కింది వైపే కాలుస్తుంది. కాబట్టి సూత్రానికి మినహాయింపులు ఉన్నాయి, వాటిని పట్టించే గుర్తులూ రాతిలోనే ఉన్నాయి.

ఇక అసలు కష్టం దూరం. సూరత్ రాయిని రాజమండ్రి రాయితో ఒకే వరసలో ఎలా పెట్టడం? దూరాన ఉన్నా పోల్చదగిన గుర్తులను పొరల్లో వెతకాలి. గోదావరి తీరాన కాటేరు, పంగిడి గనుల్లోనూ ట్రాప్ ఉంది, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ (జి.ఎస్.ఐ.)కు చెందిన విలియం కింగ్ 1880లోనే ఆ ప్రాంతపు రాళ్లను గ్రంథస్థం చేశాడు. అక్కడ రెండు లావా పొరల నడుమ గవ్వలతో కూడిన సున్నపురాయి ఉంది. అందులోని సూక్ష్మ సముద్రజీవుల అవశేషాలను పరిశీలించి, అది డైనోసార్లు అంతరించిన వెంటనే వచ్చిన డేనియన్ కాలానిదని గెర్టా కెల్లర్ బృందం 2008లో ప్రకటించింది. కింది లావా దానికి ముందుది, పై లావా తరువాతది. శిలాజంతో పొర వయసు, పొరతో శిలాజం వయసు చెబితే గుండ్రంగా తిరిగినట్టు కాదా? కాదు. విలియం స్మిత్ శిలాజాల వరసను పొరల్లోనే చూసి 1815లో పటం అచ్చువేశాడు. పరిణామ సిద్ధాంతం చెప్పిన డార్విన్ గ్రంథం వచ్చింది 1859లో. సిద్ధాంతం కన్నా పరిశీలన ముందుది. పైగా రాజమండ్రిలో శిలాజంతో పనిలేని సాక్షి కూడా ఉంది: కింది లావాలో గడ్డకట్టిన అయస్కాంత దిశ నేటికి వ్యతిరేకం, పై లావాలో నేటి దిశే. ఆ కాలపు అయస్కాంత మార్పుల క్రమంతో ఇది సరిపోతోంది.

రాతిలోని ఆర్గాన్ వాయువును కొలిచి ఏళ్లు లెక్కగట్టే పద్ధతి ఉండగా ఇదంతా ఎందుకనే వారికి ఒక్క మాట. శిథిలమైన బసాల్టు నుంచి ఆర్గాన్ జారిపోతుంది, అంకె తప్పుతుంది. పై ప్రవాహం కింది ప్రవాహం కన్నా పాతదని అంకె చెబితే అనుమానించవలసింది అంకెనే. వరసకు కూడా హద్దుంది; రెండు పొరల మధ్య ఎంత కాలం గడిచిందో అది చెప్పలేదు. తిరుమల కొండల్లో గ్రానైటుకూ దాని మీది క్వార్ట్‌జైటుకూ మధ్య కోట్ల ఏళ్ల ఖాళీ ఒక్క గీతలో ఇమిడి ఉంది. అక్కడ అంకె కావాలి.

వరస విలువ ఏమిటో మన దగ్గరే చూడవచ్చు. సూరత్ జిల్లాలోని వస్తాన్ లిగ్నైట్ గనిలో సుమారు 5.4 కోట్ల ఏళ్ల నాటి గబ్బిలాల ఎముకలు, గుర్రాల, ఖడ్గమృగాల వంశానికి దగ్గరి చుట్టమైన కాంబేథీరియం ఎముకలు దొరికాయి. వాటి వయసు నిర్ణయంలో పై పొరలోని నుమ్యులైట్లు అనే నాణెం ఆకారపు సముద్రజీవుల శిలాజాలు పెద్ద ఆధారం: ఎముకలు వాటి కింద ఉన్నాయి గనుక వాటికన్నా పాతవి. ఎముకను పెకలించి ఏ పొరలోదో రాసుకోకపోతే ఆ ఆధారం పోయినట్టే. గని మూసేటప్పుడు వస్తాన్‌లో గానీ, కాటేరులో గానీ, పంగిడిలో గానీ పై పొర, కింది పొర కలిసే గోడ ఒక్కటైనా పూడ్చకుండా, తవ్వకుండా ఉంచాలని గని యాజమాన్యాలనూ రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ ఈ వేదిక నుంచి కోరుతున్నాను.