రేవు కూలీకి ఆరోగ్య బీమా ఎంత దూరం?

(ప్రసంగ పాఠం)

హుగ్లీ తీరాన గల ఖిదిర్‌పూర్ రేవు 1890 దశకం నుండి దేశం నలుమూలల శ్రామికులకు జీవనాధారమైనది. బీహారు, ఒరిస్సాల వారితోపాటు, వాల్తేరును కలకత్తాతో కలిపిన రైలుమార్గం వెంట తెలుగువారు సైతం వంగదేశం చేరుకొన్నారు. భాషలు వేరైనా వారు మోసిన బరువు ఒక్కటే. అయితే వ్యాధి సోకిన నాడు అందరికీ ఒకే రక్షణ లభించుట లేదు.

స్వతంత్ర భారతం ఈ విషయాన్ని ఆదిలోనే గుర్తించినది. 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టం రూపొంది, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో అమలులోకి వచ్చినది. ఈ బీమా గల కార్మికునికి చికిత్సతోపాటు, జబ్బుపడిన కాలంలో వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు భృతి లభిస్తుంది. రైల్వే ఉద్యోగులకూ, రేవులోని స్థిర ఉద్యోగులకూ తమ తమ ఆసుపత్రులు ఏర్పడినాయి.

కాని గుత్తేదారు క్రింద రోజుకూలికి మూటలు మోసేవాని పేరు ఏ హాజరుపట్టీలోనూ ఉండకపోవచ్చు. ఇంటివద్ద బట్టలు కుట్టే స్త్రీకి యజమాని ఎవరో నిర్ధారించుటే కష్టం. చేరువలోనే ఎస్.ఎస్.కె.ఎం. ప్రభుత్వ వైద్యశాల ఉన్నది కదా అనవచ్చు. అచ్చట వైద్యం లభించవచ్చును. పోయిన కూలి ఎవరిస్తారు? కూలి పోతుందన్న భయంతోనే అనేకులు జబ్బు ముదిరేవరకు వైద్యుని దరిచేరరు.

ప్రైవేటు బీమా కొనవలెనన్న ఏడాది ప్రీమియం పోగుచేయుట రోజుకూలికి సులభం కాదు. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జి.ఎస్.టి. తొలగించబడుట కొంత ఊరట. ఐనను ముందే ఉన్న వ్యాధికి వేచియుండవలసిన గడువు మిగిలే ఉన్నది. 2024లో దాని గరిష్ఠ పరిమితి 48 నెలల నుండి 36 నెలలకు తగ్గించబడినది. మధుమేహ రోగికి మూడేళ్లు కూడా తక్కువ కాలమేమీ కాదు. పైగా సాధారణ పాలసీలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన ఖర్చునే భరిస్తాయి. నిత్యం వాడే మందుల భారం రోగిదే.

ప్రభుత్వ పథకాలు ఈ లోటు తీర్చుటకే పుట్టినవి. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాలలో శ్రీకాకుళం ఒకటి. పశ్చిమ బెంగాల్‌లో 2016లో ప్రారంభమైన స్వాస్థ్య సాథి 2020 డిసెంబరులో ప్రజలందరికీ విస్తరించినది. ఇందులో కార్డు ఇంటి ఇల్లాలి పేర ఇవ్వబడినది. సదుద్దేశమే, కాని ఇల్లాలు శ్రీకాకుళంలోనూ, భర్త ఖిదిర్‌పూర్‌లోనూ ఉన్నప్పుడు ఆ కుటుంబం ఏ రాష్ట్రపుది? స్వగ్రామపు రేషను కార్డు ఆధారంగా లభించిన ఆరోగ్యశ్రీ ప్రధానంగా స్వరాష్ట్రపు ఆసుపత్రులలోనే చెల్లినది. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్, చేరిన రాష్ట్రాలన్నింట చెల్లునట్లు ఏర్పడినా, 2019 జనవరిలో పశ్చిమ బెంగాల్ దాని నుండి వైదొలగినది.

వీటికి కాగితాల చిక్కులు తోడు. అద్దెగదికి రశీదు ఉండదు. తెలుగు పేరు ఒక పత్రంలో ఒక విధంగా, మరొక పత్రంలో వేరొక విధంగా నమోదైనచో దరఖాస్తు నిలిచిపోవును. తనకు చదువరాని లిపిలోని నిబంధనను రోగి ఎట్లు తెలిసికొనగలడు?

ఇందుకు మార్గం లేకపోలేదు. 2019లో ఆరంభమైన ఒకే దేశం – ఒకే రేషను కార్డు ఏర్పాటు 2022 నాటికి అన్ని రాష్ట్రాలకు వ్యాపించినది. బియ్యం కార్డు రాష్ట్రపు ఎల్లలు దాటగలిగినప్పుడు వైద్యపు కార్డు దాటలేకపోవుటకు కారణం కనిపించదు. రాష్ట్రాలు పరస్పరం ఖర్చు సర్దుబాటు చేసికొనవచ్చును. గుత్తేదారు వద్ద పనిచేసిన ప్రతి దినం నమోదు కావలెను. శ్రామికుల భాషలలో దరఖాస్తులు నింపి పెట్టే కేంద్రం రేవు వాకిటనే వెలయవలెను.

జాతీయ సమైక్యత వేదికలపై పలుకుటతో సిద్ధించదు. శ్రీకాకుళపు కూలీ కలకత్తాలో జబ్బుపడినప్పుడు, ఏ రాష్ట్రపువాడవని అడుగకముందే అతనికి మంచం లభించిన నాడు దాని అర్థం అతనికి బోధపడుతుంది.