చవక అన్నం ఎవరి చలవ?

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉపాధ్యాయులను వేదిక మీదికి పిలిస్తే ఫీజుల గురించో, స్కాలర్‌షిప్పుల గురించో మాట్లాడతారని మీరు అనుకోవడం సహజం. ఈ ఏడు మేం తిండి గురించి మాట్లాడదలిచాం. ఉదయం మొదటి పీరియడ్‌లో పాఠం చెప్పే వాళ్లెవరికైనా చదువుకూ కడుపుకూ ఉన్న సంబంధం వేరే చెప్పనక్కర్లేదు. ఎవరు తిని వచ్చారో, ఎవరు టీ నీళ్లతో సరిపెట్టుకుని వచ్చారో ముఖం చూస్తే తెలిసిపోతుంది. సర్కారు బడిలో ఉన్నన్నాళ్లూ పిల్లలకు మధ్యాహ్న భోజనం ఉంటుంది. పదో తరగతి దాటి, జిల్లాల నుంచి హైదరాబాదు చేరి, ఏ అశోక్‌నగర్‌లోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో, అమీర్‌పేటలోనో నలుగురితో కలిసి గది తీసుకున్న పిల్లవాడికి మాత్రం అన్నం పెట్టే పథకమేదీ ఎదురురాదు. అతనికి అన్నం పెట్టేది వీధి చివరి బండి, సందులోని మెస్సు, మూలమీది హోటల్. మనం ఇచ్చే స్కాలర్‌షిప్పులో పెద్ద భాగం చివరికి చేరేది కూడా అక్కడికే.

ఆ బండ్లు, ఆ మెస్సులు అంత చవకగా ఎలా పెట్టగలుగుతున్నాయి? ఆ చవకదనం బరువు ఎవరి నెత్తిన పడుతోంది? ఈ రెండు ప్రశ్నలే ఈ రోజు మా విషయం.

ముందు నగరాన్ని పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒకసారి చుట్టి వద్దాం. ఫజర్ నమాజు అయ్యేసరికి పాతబస్తీలో నహారీ దేగ్‌ల మూతలు తీస్తారు. రాత్రంతా సన్నని సెగ మీద ఉడికిన పాయా, నాలుక్‌మాంసం, పక్కన కుల్చా. చార్‌మినార్, ఘాన్సీబజార్ వైపు హోటళ్లలో ఆ వేళకు మూటలు మోసేవారు, ఆటో నడిపేవారు, దుకాణదారులు ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. ఇంకో చోట ఖిచిడీ, ఖీమా, ఖట్టా. బార్కస్ వెళితే హరీస్ దొరుకుతుంది. నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల బ్యారక్‌ల వల్ల ఆ పేటకు ఆ పేరు వచ్చింది. అక్కడ పొద్దున్నే నెయ్యి, చక్కెర వేసిన తీపి హరీస్, ఉప్పు హరీస్ రెండూ అమ్ముతారు. నాలుగు మూలల నాన్‌కు పేరుపడ్డ మున్షీ నాన్ దుకాణం పురానీ హవేలీ దగ్గర 1851లో మొదలైంది. వీటన్నిటికీ తోడు నగరమంతటా ఇడ్లీ, దోశ, బోండాల బండ్లు. పది గంటలకల్లా ఆ బండి అక్కడ ఉండదు, దాని నీడలో పెరిగిన జనమూ ఉండరు. అందరూ పనుల్లోకి వెళ్లిపోతారు.

ఇక ఇరానీ హోటల్. ఇరాన్ నుంచి బొంబాయి, పూనాల మీదుగా వచ్చిన కుటుంబాలు మన నగరంలో తెరిచిన హోటళ్లు అవి. ఆబిడ్స్‌లోని గ్రాండ్ హోటల్ 1935 నాటిది. డికాక్షన్ ఒక పాత్రలో మూత పెట్టి దమ్ మీద ఉంటుంది, పాలు ఇంకో పాత్రలో గంటల తరబడి మరిగి చిక్కబడతాయి. రెండూ కప్పులోనే కలుస్తాయి. పక్కన ఉస్మానియా బిస్కెట్. జేబులో తక్కువ ఉంటే 'వన్ బై టూ' అని ఇద్దరు పంచుకుంటారు. ఒక్క చాయ్ తాగి గంటసేపు కూర్చున్నా లేవమనని చోటు అది. ఉద్యోగం కోసం తిరిగే కుర్రవాడు దరఖాస్తు నింపుకున్నది అక్కడే, మేస్త్రీ కూలీలను మాట్లాడుకున్నది అక్కడే. చదువురాని వాడికి పక్కవాడు పేపరు చదివి వినిపించిందీ అక్కడే. ఆస్తులు పంపకాలయ్యాయి, అద్దెలు పెరిగాయి, రోడ్లు వెడల్పయ్యాయి. ఒక్కొక్కటీ మూతపడి ఆ మూలల్లో ఇప్పుడు బట్టల షోరూములు, మందుల దుకాణాలు వచ్చాయి.

మధ్యాహ్నం బగారా అన్నం, దాల్చా బండ్లు. చదువుకునే పిల్లలుండే పేటల్లో మెస్సులు, కర్రీ పాయింట్లు. కర్రీ పాయింట్ మన నగరం పిల్లలకు చేసిన గొప్ప ఉపకారమని మా అభిప్రాయం. గదిలో కుక్కర్‌లో అన్నం పడేసి, ఒక పప్పు, ఒక కూర పొట్లం తెచ్చుకుంటే ఇద్దరి పూట గడుస్తుంది. ఉస్మానియా ఆసుపత్రి, నీలోఫర్ ఆసుపత్రుల దగ్గర రోగుల వెంట వచ్చిన బంధువులకు గేటు బయటి బండ్లే వంటిళ్లు. సాయంత్రం రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని జొన్న రొట్టెలు చేసే అక్కలు, మిర్చి బజ్జీల బండ్లు. రంజాన్‌లో హలీం భట్టీలు. 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. దేశంలో మాంసాహార వంటకానికి దక్కిన మొదటి గుర్తింపు అది. పేరు పెరిగాక పెద్ద హోటళ్ల హలీం ధరా పెరిగింది. సందులోని చిన్న భట్టీ ఉండబట్టే ఈనాటికీ కూలివాడి ఇఫ్తార్‌లో ఆ గిన్నె కనబడుతోంది.

ప్రభుత్వం చేసినదీ చెప్పుకోవాలి. 2014లో నగరపాలక సంస్థ 5 రూపాయల భోజనం మొదలుపెట్టింది. ఇటీవల వాటికి ఇందిరమ్మ క్యాంటీన్లని పేరు మార్చి, 2025లో 5 రూపాయలకే టిఫిను కూడా చేర్చారు. అంతకుముందే 2013లో చెన్నైలో అమ్మ క్యాంటీన్లు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో తెరిచిన అన్న క్యాంటీన్లు మధ్యలో మూతపడి 2024లో మళ్లీ తెరుచుకున్నాయి. ఇవన్నీ మంచి పనులే. అక్కడ ఊరికే పెట్టకుండా 5 రూపాయలు తీసుకోవడం కూడా మాకు నచ్చింది. డబ్బిచ్చి తిన్నవాడు తల ఎత్తుకుని తింటాడు. అయితే ఆ క్యాంటీన్లకు వేళలున్నాయి, చోట్లున్నాయి. రాత్రి పదింటికి డ్యూటీ దిగిన వాడికి, తెల్లవారుజామున బస్సు దిగిన వాడికి బండే దిక్కు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. బండి మీద తిండి ఎందుకు చవక? మేం లెక్కల మాస్టార్లతో కలిసి కూర్చుని ఆలోచిస్తే అయిదు కారణాలు తేలాయి. ఒకటి, అమ్మేది రెండు మూడు రకాలే కాబట్టి మిగిలి పారబోసేది ఉండదు. రెండు, కుర్చీలు, ఏసీలు లేవు. నిలబడి తిన్నవాడు పది నిమిషాల్లో పక్కకు జరుగుతాడు, ఇంకొకరు వస్తారు. మూడు, లాభం ప్లేటుకు కొద్దిగానే, ప్లేట్లు మాత్రం ఎక్కువ. నాలుగు, ఇంటిల్లిపాది చాకిరీ. తెల్లవారుజామున మూడింటికి లేచి చట్నీ నూరే ఇల్లాలికి, బడికి పోయేముందు ఉల్లిపాయలు తరిగే పిల్లకు జీతం ఏ లెక్కలోనూ పడదు. అయిదు, అప్పు. మొదటి మూడూ వ్యాపారపు తెలివి. చివరి రెండూ ఆ కుటుంబం మనకిస్తున్న రాయితీ. మనం ప్లేటు మీద మిగుల్చుకుంటున్న పది రూపాయలు ఆ ఇల్లాలి నిద్రలోంచి వస్తున్నాయి.

అప్పు సంగతి కొంచెం విడమరచి చెప్పాలి. మన నగరంలో గిరిగిరి అంటే తెలియని చిన్న వ్యాపారి ఉండడు. దాని లెక్క సాధారణంగా ఇలా ఉంటుంది. పేరుకు 10,000 రూపాయలు. అందులో 1,500 ముందే పట్టుకుని చేతిలో 8,500 పెడతారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. వినడానికి పెద్ద భారంగా అనిపించదు. కానీ అసలు రోజూ తీరిపోతూ ఉంటుంది కాబట్టి, ఆ 100 రోజుల్లో సగటున అతని చేతిలో ఉన్నది నాలుగున్నర వేలే. దాని మీద 1,500 వడ్డీ అంటే ఏడాదికి నూటికి సుమారు 120. తొమ్మిదో తరగతి పిల్లలకు ఇచ్చినా చేయగల లెక్క ఇది. మరి బండివాడు ఎందుకు తీసుకుంటాడు? నూనె డబ్బాకూ గ్యాసు బండకూ పొద్దున్నే డబ్బు కావాలి. అంత తొందరగా, కాగితం అడగకుండా ఇచ్చేవాడు ఇంకెవడూ లేడు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల చట్టం చేసింది. దాని ప్రకారం మున్సిపాలిటీ వీధి వ్యాపారులను సర్వే చేసి సర్టిఫికెట్లు ఇవ్వాలి. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేవరకూ ఎవరినీ ఖాళీ చేయించకూడదు. పట్టణ వీధి వ్యాపారుల కమిటీలో కనీసం 40 శాతం ఆ వ్యాపారులే ఉండాలి, వారిలో మూడో వంతు స్త్రీలుండాలి. 2020లో కేంద్రం స్వనిధి పథకం తెచ్చింది. మొదటి విడత రుణం 10,000 ఉండేది, 2025లో 15,000 చేశారు. సకాలంలో కట్టినవారికి 7 శాతం వడ్డీ రాయితీ. కానీ వీటన్నిటికీ గుర్తింపు కార్డు, ఆధార్‌కు జోడించిన ఫోను, బ్యాంకు ఖాతా, దరఖాస్తు కావాలి. పొద్దున మూడింటికి లేచే మనిషి ఆఫీసుల చుట్టూ తిరగాలంటే ఆ రోజు బండి ఆపుకోవాలి.

దాతలుగా మీ ముందు మేం నాలుగు పనులు ఉంచుతున్నాం.

మొదటిది, ఖర్జె హసనా. వడ్డీలేని అప్పు మనకు కొత్తగా నేర్పాల్సిన విషయం కాదు. పదిమంది దాతలు తలా 10,000 వేసి ఒక లక్ష విడిగా పెట్టారనుకోండి. పదిమంది బండివాళ్లకు 10,000 చొప్పున ఇచ్చి, గిరిగిరి లాగే రోజుకు 100 వసూలు చేస్తే 100 రోజుల్లో లక్షా తిరిగి వస్తుంది. ఏడాదిలో మూడు విడతలు, అంటే 30 కుటుంబాలు. ప్రతి కుటుంబానికీ 1,500 మిగులుతుంది, మన లక్ష మన దగ్గరే ఉంటుంది. అందరూ సమయానికి కడతారని మేం చెప్పం. వానలకు బండి నడవదు, ఇంట్లో జబ్బు వస్తుంది. అలాంటి వారికి గడువు పెంచడానికీ, తప్పనిసరైతే మాఫీ చేయడానికీ కొంత మొత్తం ముందే పక్కన పెట్టాలి. వసూలుకు వెళ్లే మనిషి మర్యాదగా మాట్లాడాలి. గిరిగిరికీ మనకూ తేడా వడ్డీలోనే కాదు, మాటలోనూ కనబడాలి.

రెండోది, భోజనం టోకెన్లు. మన స్కాలర్‌షిప్పు పిల్లలుండే పేటలో ఒక మెస్సుకు నెల డబ్బు ముందే కట్టి, పిల్లలకు టోకెన్లు ఇద్దాం. మెస్సు యజమానికి ముందుగా సొమ్ము అందుతుంది, పిల్లవాడికి పూట గడుస్తుంది. అందరికీ ఒకే రకం టోకెను ఉంటే ఎవరిది దానమో, ఎవరిది సొంత డబ్బో పక్కవాడికి తెలియదు. పిల్లల విషయంలో ఆ గుట్టు చాలా ముఖ్యం.

మూడోది, శుభ్రత. బండి తిండి తింటే జబ్బు చేస్తుందనే మాట ఈ సభలోనూ కొందరి మనసులో ఉండి ఉంటుంది. అది కొట్టిపారేయదగ్గ మాట కాదు. అయితే బండి దగ్గర కుళాయి ఉండదు. ఒకే బకెట్ నీళ్లలో ప్లేట్లన్నీ కడగడం అతని అలవాటు కాదు, ఇబ్బంది. కుళాయి బిగించిన ఒక స్టీలు డ్రమ్ము, గిన్నెలకు మూతలు, చెత్తబుట్ట ఇస్తే చాలా వరకు మార్పు వస్తుంది. బజ్జీలు వార్తాపత్రికల్లో కట్టకూడదనీ, వేడి సాంబారు పల్చటి ప్లాస్టిక్ కవర్లలో పోయకూడదనీ చెప్పి, ఆ చోట ఆకో, మంచి కాగితమో, స్టీలు గిన్నెనో అలవాటు చేయాలి. దుకాణదారులైన దాతలు మీ నల్లా నుంచి ఎదుటి బండికి రెండు బిందెల నీళ్లు పట్టుకోనిస్తే అదీ సదఖాయే.

నాలుగోది, కాగితాలు. ఇది మా వంతు. నెలలో రెండు ఆదివారాలు సొసైటీ గదిలో ఉపాధ్యాయులం కూర్చుంటాం. వీధి వ్యాపారి సర్టిఫికెట్టు, స్వనిధి, ఆహార భద్రత రిజిస్ట్రేషన్ దరఖాస్తులు మేం నింపి పెడతాం. మతం, భాష అడగం. బార్కస్ హరీస్ అయినా, చిక్కడపల్లి ఇడ్లీ అయినా ఆకలి తీర్చే చెయ్యి ఒకటే.

పత్తర్‌గట్టీ దగ్గర మదీనా బిల్డింగు మీ అందరికీ తెలిసిందే. ఆ భవనం కట్టించిన దాత దాని అద్దె రాబడి మదీనా నగరంలోని పేదలకు చేరేలా వక్ఫ్ చేశారు. అదే భవనంలో మదీనా హోటల్ దశాబ్దాల పాటు ఈ నగరానికి భోజనం పెట్టింది. అంటే ఇక్కడ ఒకరి ఆకలి తీరుతుంటే, ఆ అద్దె ఎక్కడో ఇంకొకరికి ఆసరా అయింది. దానం ఒక్కసారి ఇచ్చి ముగించేది కాకుండా తిరుగుతూ ఉండేలా ఏర్పాటు చేయడం ఈ నగరపు పెద్దలకు తెలిసిన విద్యే. మనం ఇప్పుడు చేయవలసింది దాన్ని చిన్న మోతాదులో, వీధి వీధికీ తేవడం.

విందుల్లో, పెళ్లిళ్లలో మనం మిగిల్చే అన్నం గురించి ఏటా బాధపడతాం. అది మంచిదే. ఈసారి దానితోపాటు ఇంకొక్కటి చేయండి. రేపు ఉదయం మీ వీధి బండి దగ్గర నిలబడి ఒక ప్లేటు తినండి. బేరం ఆడకండి. రోజుకు ఎంత కడుతున్నావు అన్నా అని అడగండి. ఆ జవాబు తెచ్చి కార్యవర్గానికి చెప్పండి. పది జవాబులు చేరితే మన మొదటి పదిమంది జాబితా తయారైనట్టే.