ఒక పలుకు, ఇద్దఱికి వార్త



వికారాబాదునుండి తాండూరునకు పోవు రైలుమార్గమున నడుమ ధారూరు స్టేషను కలదు. తాండూరు దాటి వాడి వఱకు సాగు ఈ మార్గమందే, 2016వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో, నేడు ‘కవచ్’ అని పిలువబడు రక్షణ సాధనమును ప్రయాణికుల బండ్లపై పరీక్షింప మొదలిడిరి. ఇందు ఇంజనును స్టేషనును తీగ లేకయే రేడియో తరంగములచే వార్తలు పంపుకొనును. డ్రైవరు ఎఱ్ఱదీపమును గమనింపక ముందునకు సాగినచో యంత్రమే బ్రేకు వేయును. అయితే ఇంజనులన్నియు ఒక్కమాఱు పలుకరాదు. ఒక్కొక్కదానికి స్వల్పకాలపు వంతు మాత్రమే కలదు.

ఏలయన, తరంగమార్గము ఇఱుకైన కాలిబాట వంటిది. ఇద్దఱు ఒక్కమాఱు ఎదురైనచో ఇరువురును చిక్కుపడుదురు. కావున వంతులను పొదుపు చేయుట యెట్లను ప్రశ్న రేడియోను వాడు వారందఱికిని కలదు. దానికి దొరకిన యొక యుపాయమును నేడు విన్నవించెదను. ఇది కవచ్ పద్ధతి యని తలంపవలదు. రేడియో వార్తలకు చెందిన సామాన్య సూత్రము.

వికారాబాదున ఒక వర్తకుడు, తాండూరున మఱియొక వర్తకుడు కలరనుకొందము. ఒకరి రేడియో మఱియొకరికి వినరాదు. నడుమ ధారూరువాని కిద్దఱి పలుకులును వినవచ్చును. వికారాబాదు వర్తకుడు తనకు 12 బస్తాల కందులు కావలెననెను. తాండూరు వర్తకుడు తనయొద్ద 40 బస్తాలు కలవనెను. ధారూరువాడు ఒకరి మాట నొకరికి వేర్వేఱుగా చేరవేసినచో మొత్తము నాలుగు వంతులు పట్టును. అట్లుగాక, అతడు రెండింటిని కూడి ‘52’ అని ఒక్కమాఱు చాటిన? వికారాబాదువాడు తన 12 తీసివేయగా 40 తెలియును. తాండూరువాడు తన 40 తీసివేయగా 12 తెలియును. నాలుగు వంతుల పని మూడింట ముగిసినది.

యంత్రములకు తెలిసిన అంకెలు 0, 1 మాత్రమే. రెండు వార్తలందును ఒకే అంకె యున్నచోట 0, వేఱైనచోట 1 వ్రాయుదురు. 101, 110 అను వార్తలు కలియగా 011 అగును. వార్త పొడవు పెరుగదు. 011తో 101ని మరల అట్లే కలిపిన 110 తిరిగి వచ్చును. దీనిని నెట్‌వర్క్ కోడింగు అందురు. 2000వ సంవత్సరమున ఆల్స్వేడే, కై, లీ, యెంగ్ అను నలుగురు విద్వాంసులు ఈ శాస్త్రమునకు పునాది వేసిరి. 2006లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో సచిన్ కట్టి, దీనా కటాబీ మొదలగువారు 20 రేడియో యంత్రములతో దీనిని ఆచరణలో చూపిరి.

అయినను ఈ యుపాయమునకు హద్దులు కలవు. రెండు వైపులనుండియు వార్త వచ్చిననే కలుపుట సాధ్యము. ఒక వైపు మౌనముగా నున్నచో నడిమివాడు వేచియుండవలెను. బస్తాల లెక్కకు ఆలస్యమైనను కొంప మునుగదు. ఎదుట బండి యున్నదను హెచ్చరిక మాత్రము తోడు వార్తకై ఆగరాదు. అది ఒంటరిగానైనను తక్షణమే పోవలెను. పొదుపు వేఱు, ప్రాణరక్షణ వేఱు.

ఇంకొక నియమము. ‘52’ అను మాటను దారినపోవువాడు విన్నను వాని కేమియు బోధపడదు. ముందు తాను పంపిన లెక్కను పోగొట్టుకొన్న వర్తకునకును అంతే. తీసివేయుటకు చేత నేమియు లేదు గదా! నడిమివాడు తప్పుగా కూడినచో ఇద్దఱికిని నష్టమే. మన పంచాయతీలందును ఇది యెఱిగినదే. మధ్యవర్తి నిజాయితీ ఎంత ముఖ్యమో, ఎవరి మాట వారు జ్ఞప్తియందుంచుకొనుటయు నంతే ముఖ్యము. తన మాట తాను మఱచినవానికి ఎదుటివాని మాట తెలియదు.

సెలవు.